ఆపే చోటు

మొన్న ఆదివారం రంగప్ప పేపరు మడిచి చంకలో పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పావగడ తాలూకా వై.ఎన్.హొసకోటలో ఎరువుల అంగడి అతనిది. ఆ అమెరికా రచయితది ఇంకో నవల వచ్చిందట. చదివినవాళ్ళు దాని మీద కూడా అప్పుడే రెండుగా చీలిపోయారట. ఇలాంటి పుస్తకం తరానికి ఒకటి వస్తుందని ఒకరు రాస్తే, కాగితానికి పట్టిన ఖర్మ అని ఇంకొకరు రాశారట.

"తెప్పిద్దామా పటేలప్పా?" అని అడిగాడు.

నా చూపు గూట్లో ఉన్న పాత నవల మీదికి పోయింది. అట్ట మీద పెట్టిన తమలపాకు ఎండి, నల్లబడి, అట్టకే అంటుకుపోయింది. దాన్ని తీయడానికి నాకు చెయ్యి రాదు. ఆ పుస్తకాన్ని మాకు చదివి వినిపించిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

తెప్పించినా చదివేదెవరని అన్నాను చివరికి. రంగప్ప పేపరు తెరవకుండానే ఇంకో మడత పెట్టాడు.

ఆమెను ఊరంతా టీచరమ్మ అనేది. అసలు పేరు నేనిక్కడ రాయను. అచ్చులో పేరు పడటం ఆమెకు గిట్టేది కాదు, పేపర్లో మనబోటివాళ్ళ పేరు పడేది పోయినప్పుడే కదా అనేది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. పొడుగు, ఎముకలు బయటికి కనిపించే ఒళ్ళు. సుద్దముక్కల పొడి మింగి మింగి గొంతు బొంగురుపోయింది. పుస్తకం పట్టుకోవడంలోనే ఆమె తీరు వేరు. ఎడమ అరచేయి అడుగున పెట్టి, వేడి అన్నం ఉన్న పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకునేది. చదవడం ఆపిన చోట గుర్తుగా శెనక్కాయ తొక్క ఒకటి పెట్టేది. కాగితం ముక్క పెట్టుకోరాదా అని నాగవేణి ఒకసారి అడిగితే, "కాగితం పెడితే దాంట్లో ఏముండాదో అదీ సదవాలనిపిస్తాదమ్మా" అంది.

ఆమెను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మాత్రం ఆమె ఆపే పద్ధతి. చెడ్డ మాట మీద ఏదీ ఆపేది కాదు. పేపరు చావు వార్తల పేజీ దగ్గర మడిచేది కాదు, శెనక్కాయల ధర దాకా చదివి అప్పుడు మడిచేది. టీవీలో బస్సు బోల్తా పడిన వార్త వస్తుంటే, వాతావరణం చెప్పేదాకా కట్టేయనిచ్చేది కాదు. ఫోన్లో ఎవరైనా చావు కబురు చెబితే, ఏడవాల్సింది ఏడ్చి, అడగాల్సింది అడిగి, చివర్లో తప్పకుండా "ఈ పొద్దు ఏం వండినారు?" అనేది. అవతలివాళ్ళు ముద్ద, ఆకుకూర సొప్పుసారు అని చెప్పేదాకా ఫోను పెట్టేది కాదు. తెలియనివాళ్ళు ఈమెకు మతి చలించిందనుకునేవాళ్ళు. తెలిసినవాళ్ళు ముందే చెప్పేసేవాళ్ళు, "మామ పోయినాడక్కా, మేము ఉప్పుసారు చేసుకున్నాము" అని ఒకే ఊపిరిలో.

స్కూల్లోనూ ఇదే తంతు. పాఠంలో ఎవరో కష్టంలో ఉన్నచోట గంట కొడితే పిల్లల్ని వదిలేది కాదట. లెక్కల మేష్ట్రు వాకిట్లో నిలబడి దగ్గుతుంటే, "ఒక్క రవ్వ ఉండప్పా, ఈ పిల్లోనికి వాళ్ళమ్మ బువ్వ పెట్టనీ" అనేదట. పాఠంలో పిల్లవాడికి వాళ్ళమ్మ బువ్వ పెట్టాకే బయటి పిల్లలకు విడుదల. ఈ విషయం మీద ఆయన హెడ్మాస్టరుకు ఫిర్యాదు కూడా చేశాడని చెప్పుకునేవారు.

ఆ పద్ధతి ఆమెకు మా ఇంటి నుంచి వచ్చింది.

మా తాత పటేలుగా ఉన్న రోజుల్లో, వానలు మొహం చాటేసిన ఏడు మా ఇంటి ముందుగదిలో, హజారంలో పురాణం చదివించేవారు. చదివే ఆయన ఒకవైపు, మా తాత తన పీట మీద ఇంకోవైపు. ఆ పూటకు ఎక్కడ ఆపాలో చెప్పే హక్కు మా వంశానిది. మంచి చోటు రాగానే చదివే ఆయన తలెత్తి తాత వైపు చూస్తాడు. తాత తమలపాకు, వక్క తీసి పుస్తకం మీద పెడతాడు. అంతే, అందరూ లేస్తారు. చావు మీద, శాపం మీద, అడవికి పోవడం మీద ఆకు పెట్టకూడదు. పెళ్ళి దాకానో, పుట్టుక దాకానో చదవాలి. అవేవీ రాకపోతే, కనీసం ఎవరైనా కూర్చుని అన్నం తినే చోటు దాకా చదవాలి. మొదలుపెట్టినదాన్ని నడుమ వదలకూడదు, పేజీలు దాటేయకూడదు. ఒక ఏడు తప్పు చోట ఆకు పడిందని, ఆ తరువాతే మా గొర్రెలకు రోగం తగిలి మందకు మందే పోయిందని ఇంట్లో గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ మందను కాసింది టీచరమ్మ నాయన. ఆమె చిన్నపిల్లగా మా గడప బయట కూర్చుని ఆ పురాణాలన్నీ విన్నది.

పటేలుతనం పోయింది. పొలాలు ఒక్కొక్కటే చేతులు మారాయి, మిగిలినవి సోలార్ పార్క్‌కు కౌలుకు పోయాయి. పురాణం చదివించడం మా నాయన కాలంలోనే ఆగింది. నేను మాత్రం ఆ పీట మీద కూర్చోవడం మానలేదు. టీచరమ్మ మా గడప దాటి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని చదివింది. ఈ రెండింటి గురించీ ఊళ్ళో ఏమనుకున్నారో నేను కనుక్కోలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం చేరేవాళ్ళం. టీచరమ్మ, నేను, రంగప్ప, పి.యు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నాగవేణి. నాగవేణి ఆమె దగ్గర చదువుకున్న పిల్లే. టీచరమ్మ ఇంగ్లీషు పేజీని లోపల్లోపల చదువుకొని, తలెత్తి తెలుగులో చెప్పేది. అలా చెప్పడం నాగవేణికి కూడా చేతకాదు, ఆ మాట తనే ఒప్పుకునేది. ఆ అమెరికా నవల మాకు సోలార్ పార్క్‌లో పనిచేసిన ఒక ఇంజినీరు వల్ల వచ్చింది. బదిలీ మీద పోతూ తన పుస్తకాల పెట్టె మాకు వదిలిపోయాడు. అందులో అన్నిటికన్నా పైన ఇటుకలాగా ఉన్నది అదే. వెనకట్ట నిండా పొగడ్తలు. నాగవేణి దాని పేరు చూడగానే కళ్ళకు అద్దుకున్నంత పని చేసింది. ప్రపంచమంతా దాని గురించే కొట్టుకుంటోందని, మనం కూడా చదివి ఏ పక్షమో తేల్చుకోవాలని అంది.

కథ చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఎక్కడో ఎండిన మైదానం. ఒక ముసలి రైతు తన భూమినంతా గాలిమరల కంపెనీకి కౌలుకిస్తాడు. నడుమ ఇల్లొకటి మిగులుతుంది. మొదటి పేజీలోనే భార్య తలుపు తీసుకొని వెళ్ళిపోతుంది, ఎక్కడికో చివరిదాకా చెప్పరు. ఆ తరువాత ఒక్కో అధ్యాయం చివర ఒక్కొక్కరు పోతారు. కొడుకు తాగుడుకు పోతాడు, కోడలు ఇంకొకరి కారులో పోతుంది, కుక్క బావిలో పడి పోతుంది. మిగిలింది ముసలాయన, మనవరాలు. సాయంత్రమయ్యేసరికి ముసలాయన గాలిమరల కింద తన హద్దురాళ్ళు వెతుక్కుంటూ తిరుగుతాడు. ఆ చోటు మొదటిసారి వచ్చినప్పుడు నేను నీళ్ళు తాగే నెపంతో లేచి లోపలికి పోయాను.

రెండో ఆదివారానికే మా హజారంలో కూడా పక్షాలు ఏర్పడ్డాయి. దుఃఖాన్ని ఏ ఓదార్పూ లేకుండా అలాగే వదిలేయడానికి ఎంత ధైర్యం కావాలో చూడమని నాగవేణి. నాలుగు పేజీలకొకసారి వాక్యం ముగించి చుక్క పెట్టడానికి కూడా మనసొప్పని పిసినారి రాసినట్టుందని రంగప్ప.

"అదేమి టీచరమ్మా, ఆ అమెరికావోళ్ళు అన్నం తినరా?" అని అడిగాడతను. "ఎంతసేపూ తలుపు పట్టుకొని నిలబడుకోనుంటారు."

"తింటారప్పా. అది రాస్తే గొప్పగా ఉండదనుకున్నాడేమో" అంది టీచరమ్మ.

ఆమె ఏ పక్షమూ తీసుకోలేదు. బాగుందో లేదో ఆమె నోట నేనెన్నడూ వినలేదు. ఆమెకు ఆ పుస్తకంతో ఉన్న చిక్కు వేరే. మొదట్లో ఆపడానికి ఏదో ఒకటి దొరికేది. పక్కింటామె గిన్నెలో పులుసు తెచ్చిస్తుంది, నేను ఆకు పెడతాను. గుర్రం ఈనుతుంది, ఆకు పెడతాను. పుస్తకం ముదిరేకొద్దీ అలాంటి చోట్లు తగ్గిపోయాయి. పొద్దు వాలిపోతున్నా ఆమె చదువుతూనే ఉండేది. పేజీ తిప్పుతుంది, లోపల చదువుకుంటుంది, పెదవులు బిగుస్తాయి, ఇంకో పేజీ తిప్పుతుంది. రంగప్ప ఇంటి నుంచి కబురు వచ్చేది. ఆమెకు ఆయాసం వచ్చేది. అయినా ఆపేది కాదు. అది వయసు ఆయాసమనుకున్నాం.

బలసముద్రంలో ఆమె తమ్ముడు ఉన్నాడు. నాయన వదిలిపోయిన గొర్రెల్లో కొన్ని ఇంకా ఉన్నాయి, పగలు సోలార్ ప్లాంటులో పలకలు కడిగే కూలికి పోతాడు. ఒక సాయంత్రం ఆమె ఆటోలో అక్కడికి పోతూ నన్నూ రమ్మంది. మా భూములు ఆ దారిలోనే. ఆటో నిలిపి కంచె దగ్గర దిగాము.

ఆ కంచెకు అవతల మా తాత తవ్వించిన బావి ఉండేది. ఎక్కడో నేను చూపించలేను. గట్లు లేవు, హద్దురాళ్ళు లేవు. చూపు ఆనినంత మేరా ఒకే ఎత్తున నల్లని పలకలు. మోటారు సైకిలు మీద కాపలావాడొకడు వచ్చి నువ్వెవరని కన్నడంలో అడిగాడు. మా ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు.

"ఈ బూమి ఈయప్పదే నాయనా. సూసుకుంటాండాడు" అంది టీచరమ్మ. వాడు వెళ్ళిపోయాడు.

అప్పుడే ఆ పలకలన్నీ కదిలాయి. పొద్దు వెంట తిరుగుతాయని నాకు తెలుసు. కానీ ఒక్క మనిషి లేని చోట, అంత దూరం దాకా, అన్నీ ఒకేసారి కిర్రుమని ఒక పక్కకు ఒరగడం చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. మా వంశంలో మగవాళ్ళు భయపడ్డారని ఎవరూ చెప్పుకోలేదు. నేను భయపడ్డాను. పక్కకు చూస్తే ఆమె కంచె తీగను పట్టుకొని ఉంది.

"బెంగళూరుకు పోవాల పటేలప్పా" అంది. "గుండెలో కవాటం చెడిపోయిండాదంట. వచ్చే సోమవారం చేర్చుకోని కోస్తారంట."

భయంగా ఉందా అని అడిగాను.

"భయమే. గుండె కోసేదానికి డాక్టర్లు ఉండారు. ఆ పుస్తకానికి ఎవరుండారు? ఆదివారం అది యాడ నిలుస్తాదో అని, నాకు నిద్ర పట్టలేదు."

పురాణానికి ఉన్న నియమం నవలకు ఉండదని చెప్పబోయాను. అది ఎక్కడి పుస్తకమో, ఎవరో తెలియనివాడు డబ్బుల కోసమో పేరు కోసమో రాసిందని, దానికీ నీ గుండెకూ ఏం సంబంధమని అన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"మీ తాత ఉంటే ఈ మాట అనింటాడా?"

తాత అనేవాడు కాదు. గొర్రెలు పోయిన ఏడు ఆయన ఆ పీట ముందు తల పట్టుకొని కూర్చున్నది మా నాయన చూశాడు, ఆమె నాయన కూడా చూశాడు.

ఆ ఆదివారం ముందే కూర్చున్నాము. పొద్దుగూకక ముందు తమ్ముడు ఆటో తెస్తాడు, పావగడ పోయి బెంగళూరు బస్సు ఎక్కాలి. ఆపరేషన్ సంగతి అందరికీ తెలిసింది. ఆపే చోటు గురించి కూడా తెలుసు. రంగప్పకు ఆమె కళ్ళల్లోకి చూడటానికి ధైర్యం చాలలేదు. చివరి పేజీ ఒక్కటి చూసేసి, అది మంచిగా ఉంటే అంతటితో ముగించేద్దామన్నాడు.

"నడుమ ఇడిసిపెట్టి చివరకు పోగూడదప్పా. అది దొంగదోవ" అంది ఆమె.

అసలు చివర్లోనూ ఏమీ లేదని నాగవేణి మెల్లగా చెప్పింది. ఆమె ఫోన్లో జనాల మాటలు చదివింది. ఎక్కువ కొట్లాట ఆ చివరి పేజీ గురించే. అలాంటి ముగింపు ఇంతవరకు ఎవరూ రాయలేదని సగం మంది, అది చదివి పుస్తకం గోడకు విసిరికొట్టామని సగం మంది. అంటే అటువైపు తలుపు కూడా మూసి ఉందన్న మాట. టీచరమ్మ పుస్తకాన్ని అరచేతి మీదికి తీసుకుంది. శెనక్కాయ తొక్క తీసి చీర కొంగులో కట్టుకుంది.

మంచు పడుతోంది. ముసలాయన చీకటి పడకముందే హద్దురాయి వెతకాలని బయలుదేరాడు. మనవరాలు పగటి నిద్ర లేచి చూస్తే ఆయన మంచం ఖాళీ. ఆ పిల్ల కూడా బయలుదేరింది. ఒక పేజీ, ఇంకో పేజీ. గాలిమర రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. టీచరమ్మ గొంతు బొంగురు ఎక్కువైంది. ఒక్కో వాక్యం చెప్పి ఊపిరి తీసుకునేది. నేను తమలపాకు, వక్క చేతిలో పట్టుకొని కూర్చున్నాను. ఆకు నా చేతి చెమటకు మెత్తబడింది. రాయి దొరకలేదు. ముసలాయన బూట్లు తడిసిపోయాయి. కాసేపు కూర్చుంటే మేలనుకొని మంచులోనే కూర్చున్నాడు. చలి తెలియడం మానేసింది.

వాకిట్లో ఆటో వచ్చి నిలిచింది. తమ్ముడు గడప బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వాళ్ళ నాయన నిలబడిన చోటే అది.

"అక్కా, బస్సు పోతాది" అన్నాడు.

ఆమె వినిపించుకోలేదు. లోపల చదువుకుంటోంది. ఆమె కళ్ళు పేజీ నడుమ దాకా దిగి అక్కడ నిలిచిపోయాయి. నేను పక్కనే ఉన్నాను, నాకు ఇంగ్లీషు మెల్లగానైనా చదవడం వచ్చు. అధ్యాయం అక్కడితో అయిపోయింది. ముసలాయన మంచులోనే ఉన్నాడు. ఆ కింద సగం పేజీ తెల్లగా ఉంది.

ఆమె మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తాతను చూసిందట. చంకలో చెయ్యి వేసి లేపిందట. ఇంటికి తెచ్చి, తడి బూట్లు విప్పి, దుప్పటి కప్పి, పొయ్యి ముట్టించిందట. పేజీ తిప్పలేదు. చూపంతా ఆ తెల్లటి సగం మీదే ఉంది.

"ఏం వండినావు పిల్లా అని అడిగినాడంట ముసలాయన. ఇంట్లో జొన్నపిండి మిగిలిండాది, ముద్ద చేసినాను అనింది."

"ఆడ కూడా ముద్దేనా?" అన్నాడు రంగప్ప ఆశ్చర్యంగా.

"ఆడ కూడా ముద్దే. తిన్నాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు."

అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. పురాణం చదివే ఆయన మా తాత వైపు చూసినట్టే చూసింది. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఆ కళ్ళల్లో ఉన్న భయాన్ని నేను అంతకుముందు ఏ మనిషి కళ్ళల్లోనూ చూడలేదు. పుస్తకంలో లేని చోటు మీద మా వంశంలో ఎవరూ ఆకు పెట్టలేదు. ఆకు, వక్క పుస్తకం మీద పెట్టాను.

ఆమె పుస్తకం మూసి, ఆకు, వక్క అట్ట మీదికి మార్చి నా చేతికిచ్చింది. కొంగు ముడిలోంచి తొక్క తీయడం మరచిపోయింది. వచ్చినాక మిగిలింది చదువుతానని అందరికీ చెప్పి, తమ్ముడి భుజం పట్టుకొని గడప దాటింది.

ఆమె లేని ఆదివారం ముగ్గురమే చేరాము. నాగవేణికి ఆ అధ్యాయం నచ్చలేదు. అంతవరకు నిప్పులాగా రాసినవాడు అక్కడ చల్లబడిపోయాడంది. ముసలాయనను మంచులో వదిలేయాల్సిందని, పాఠకులు తిడతారని భయపడి అన్నం పెట్టించాడని, అది అబద్ధపు ముగింపని అంది. రంగప్ప ఒంటికాలి మీద లేచాడు. అతనికి ఆ పుస్తకం మొత్తంలో మనిషి రాసినట్టు అనిపించింది ఆ ఒక్క చోటేనట.

"ఇన్నాళ్ళూ టీచరమ్మ మొగం చూసి కూర్చున్నా. ఇప్పుడు ఆయప్ప మీద గౌరవం పుట్టింది. మీ కాలేజీవోళ్ళకు ఎవరన్నా కడుపునిండా తింటే ఓర్చుకోలేరమ్మా" అన్నాడు.

కడుపు నింపడం సాహిత్యం పని కాదని నాగవేణి, అయితే అంగడి మూసుకోమని రంగప్ప. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి మీరేమంటారని అడిగారు. బాగుందన్నాను. ఆ నవల మీద నేను చెప్పిన అభిప్రాయం అదొక్కటే.

ఆ పేజీ మళ్ళీ చూద్దామని నాగవేణి గూటి వైపు చెయ్యి చాపింది. ముట్టుకోవద్దన్నాను. నా గొంతు నాకే మా తాత గొంతులా వినిపించింది, ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె వచ్చేదాకా ఎవరూ తెరవకూడదని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఎవరైనా ఆ పేజీ తెరిస్తే ముసలాయన మళ్ళీ మంచులో కూర్చుంటాడని నా భయం.

అప్పటికే ఆపరేషన్ అయింది, కళ్ళు తెరిచింది అని తమ్ముడు ఫోన్ చేశాడు. ఏం తిన్నదని అడిగాను. గంజి అన్నాడు. మరుసటి ఫోన్లో జ్వరమన్నాడు, గంజి అన్నాడు. ఆ తరువాతి ఫోన్లో ఊపిరికి మిషను పెట్టారన్నాడు. ఏం తిన్నదని నేను అడగలేదు, నువ్వేం తిన్నావని అడిగాను. ఆసుపత్రి ముందర చిత్రాన్నం తిన్నానన్నాడు. అక్కడ పెట్టేశాము. ఫోను మోగినప్పుడల్లా నేను మొదట గూటి వైపు చూసేవాణ్ణి, ఆకు కదలలేదు కదా అని. ఇంట్లో ఎవరైనా కసవు ఊడుస్తూ గూటి దగ్గరికి పోయినా కేకేసేవాణ్ణి. తుమ్మినా భయమే. ఈ వయసులో, ఈ పీట మీద కూర్చుని, ఒక ఎండుటాకుకు భయపడి బతికాను.

ఆ రోజు పొద్దున్నే మోగింది. బలసముద్రం నుంచి.

"పటేలప్పా, అక్క పోయింది. ఇంటికి తెచ్చినాము."

ఎప్పుడని అడిగాను, చెప్పాడు. ఎప్పుడు తీస్తారని అడిగాను, బంధువులు రావాల్సి ఉందని చెప్పాడు. వస్తున్నానని చెప్పాను. ఇక అడగడానికి ఏమీ లేదు. ఫోను పెట్టాలి. నాకు చేతకాలేదు.

"ఏం వండినారప్పా?" అన్నాను.

అన్నాక గానీ ఏమడిగానో తెలియలేదు. శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు.

"పొయ్యి అంటించలేదు పటేలప్పా" అన్నాడు.

అతను ఆమె తమ్ముడే. అతను కూడా ఫోను పెట్టలేదు. అవతల ఆడవాళ్ళ ఏడుపులు, ఎవరో బిందె దించిన చప్పుడు వినిపిస్తున్నాయి. వాటి వెనక గొర్రెల అరుపులు. పొద్దెక్కినా వాటిని వదిలే మనిషి లేక దొడ్లోనే ఉన్నట్టున్నాయి. నేను వెతుక్కుంటున్నాను. ఆమె పేజీలు తిప్పుతూ వెతుక్కున్నట్టే.

"గొర్రెలేమన్నా ఈనినాయా?" అని అడిగాను.

"తెల్లారి ఒకటి ఈనింది. ఎవరూ సూసుకోలేదు."

"పిల్ల లేచి నిలబడిందా?"

ఫోన్లో ఏడుపులు మాత్రం వినిపించాయి.

"నిలబడింది పటేలప్పా. పాలు తాగుతాండాది."

దొడ్డి దాకా పోయి చూసి చెప్పాడో, నిలబడిన చోటి నుంచే చెప్పాడో నాకు తెలియదు. బలసముద్రం పోయాక కూడా నేను దొడ్డి వైపు చూడలేదు. ఫోను పెట్టేశాను.